తప్పు చెబితే వచ్చేవాడు

దగ్గరికి జరగండి, ఇంకాస్త. తలుపు పక్కన కూర్చున్నవాళ్ళు ముందు లేచి గడియ వేసి రండి. చేతుల్లో ఉన్న ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. ఈ కథ మధ్యలో అవి మోగితే గుండె జారేది మీకే, ఆనక నన్ననుకుని లాభం లేదు. కుండలు అతికే అన్న కథ ఇది. ఆ అన్న కోసం భయాన్ని కొంగున ముడేసుకుని బయల్దేరిన చెల్లెలి కథ. వినండి.

మ్యూజియం వెనకవైపు మెట్లు దిగుతుండగా చెల్లెలి ఫోను కీచుమంది. తెరిచి చూసింది.

"ఆకుపచ్చ సంచీ బరువుగా ఉన్నట్టుంది. ఇంటికెళ్ళి దించుకో. అన్న సంగతి అడగడం మానెయ్."

పంపినవాడి పేరు బూడిద. అంతే. బొమ్మ లేదు, ఊరు లేదు, వయసు లేదు. ఆమె చేతిలో మాత్రం నిజంగానే ఆకుపచ్చ సంచీ ఉంది.

 గోడ పట్టుకుని నిలబడి చుట్టూ చూసింది. మెట్ల మీద తామిద్దరూ తప్ప ఎవరూ లేరు. ఎదుటి మేడ కిటికీలన్నీ మూసే ఉన్నాయి. తెరిచిన కిటికీలోంచి చూసేవాడు మనకీ కనబడతాడు. మూసిన కిటికీ వెనక ఎవడున్నాడో ఎలా తెలుస్తుంది?

"పిన్నీ!" అంది. "వాడు నన్ను చూస్తున్నాడు."

ముందు నడుస్తున్నావిడ వెనక్కి తిరిగింది. డిటెక్టివ్ అనగానే మీరు పొడుగు కోటు, చేతిలో భూతద్దం ఊహించుకుంటారేమో. ఈవిడకు యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. ముక్కు చివరికి జారిపోయే కళ్ళజోడు. ఒకప్పుడు పోలీసు శాఖలో పనిచేసింది. పైవాళ్ళతో పడక ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి, సొంతంగా పరిశోధన మొదలుపెట్టింది. ఆవిణ్ణి అందరూ పిన్ని అనే పిలుస్తారు, పట్టుబడ్డ దొంగలతో సహా.

"చూడనీ తల్లీ," అంది పిన్ని, మెసేజ్ చదివి ఫోను తిరిగిస్తూ. "చూసేవాడు ఎక్కడో ఒకచోట నిలబడి చూడాలిగా? నిలబడ్డవాడు దొరుకుతాడు. గాల్లో ఉన్నవాడితోనే చిక్కు. నడు, నడు."

అసలు సంగతి చెప్పాలి కదూ. అన్న ఈ మ్యూజియంలోనే పనివాడు. తవ్వకాల్లో దొరికిన పెంకులను కడిగి, ఏరి, అతికి, ఏనాడో పగిలిన జాడీని మళ్ళీ నిలబెడతాడు. చెల్లెలు పళ్ళ డాక్టరు దగ్గర రోగుల వరస చూసే ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో ఆన్‌లైన్‌లో 'పాతమట్టి' అనే గుంపు నడుపుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో చేరారందులో. పొలంలో దొరికిన రాయి ఫోటో ఒకరు పెడతారు. అది ఆదిమానవుడి గొడ్డలా, ఉత్త రాయేనా అని మిగతావాళ్ళు రోజుల తరబడి జుట్లు పట్టుకుంటారు. ఏ రాజు ఏ యుద్ధంలో ఎందుకు ఓడాడన్న దగ్గర ఓడిన ఆ రాజుకన్నా వీళ్ళే ఎక్కువ ఏడుస్తారు. గుంపుకు రెండే కట్టుబాట్లు. పక్కన కొలబద్ద లేకుండా ఫోటో పెట్టకూడదు. వస్తువు దొరికిన చోటు చెప్పకూడదు. చెబితే తెల్లారేసరికి దొంగలు గునపాలతో దిగుతారు.

కిందటి వారం అన్న ఒక ఫోటో పెట్టాడు. తను తవ్వి తెచ్చి, చోటు మ్యూజియంలో కూడా ఇంకా ఎవరికీ చెప్పని, మూత బిగించిన పాత జాడీ తెరిస్తే లోపల దొరికిన కంచు బొమ్మ అది. అరచేతిలో ఇమిడేంత ఆడమనిషి. కుడిచేత్తో నోరు మూసుకుని, కళ్ళు ఇంతలేసి చేసుకుని ఉంది, చూడకూడనిదేదో చూసినట్టు. గుంపంతా ఊగిపోయింది. మొన్న సాయంత్రం నుంచి అన్న లేడు. బొమ్మా లేదు.

అన్నకు చిన్నప్పటి నుంచీ చక్కెర జబ్బు. పూటపూటకీ ఇన్సులిన్ సూది పడాలి. పడకపోతే రెండు రోజులు గడవడం కష్టమని డాక్టరు ఎప్పుడో చెప్పిన మాట చెల్లెలి చెవిలో గింగురుమంటూనే ఉంది. ఆ రెండు రోజులూ ఈ పూటతో సరి. ఆకుపచ్చ సంచీలో ఉన్నవి ఆ సూదులే.

మెట్లు దిగితే అన్న పనిచేసే కుండల గది. దాని గుమ్మంలో ఇన్‌స్పెక్టరు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. పిన్ని చేతికింద పని నేర్చుకున్నవాడే. నేర్చుకున్నది మరిచిపోయాడు, నేర్పిందన్న కోపం మాత్రం దాచుకున్నాడు.

"రండి పిన్నిగారూ, రండి. ఈ అమ్మాయిని కూడా తెచ్చారే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు!"

"ఎలుకలున్న ఇంటికొస్తూ పిల్లిని తెచ్చుకోవడం మంచిదే నాయనా. పక్కకి జరుగు."

"ఎందుకండీ శ్రమ? కేసు తేలిపోయింది. బొమ్మ అపురూపమైంది, మనిషికి ఆశ పుట్టింది, పట్టుకుని ఉడాయించాడు."

"మా అన్న అలాంటివాడు కాదండీ," అంది చెల్లెలు. 

"ప్రతి దొంగకీ ఒక చెల్లెలుంటుందమ్మా, వాళ్ళందరిదీ ఇదే పాట."

పిన్ని వాళ్ళిద్దరి మధ్యలోంచి గదిలోకి నడిచింది. పొడుగాటి బల్ల. బల్ల మీద ఇసుక నింపిన తొట్టి. అతికిన పెంకులు జిగురు ఆరేవరకూ పడిపోకుండా ఇసుకలో గుచ్చి నిలబెడతారు. తొట్టిలో ఒక జాడీ సగం లేచి ఉంది. మూలన చిన్న ఫ్రిజ్. పిన్ని దాన్ని తెరిచింది.

"దీంట్లో చూశావా?"

"చూశాం. జిగురు డబ్బాలు."

"డబ్బాల వెనక?"

 పిన్ని చెయ్యి లోపలికి పోనిచ్చి తెల్లటి పెట్టె తీసింది. ఇన్సులిన్ మందు, సూదులు, అన్నీ కదపకుండా ఉన్నాయి. చెల్లెలు పెట్టె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్న కాలకృత్యాలకి వెళ్ళినా ఆ పెట్టె వెంట పట్టుకెళ్ళేవాడని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళు.

"పారిపోయేవాడు చెప్పులు మరిచిపోతాడు, పెళ్ళాన్ని మరిచిపోతాడు," అంది పిన్ని. "ప్రాణం మరిచిపోతాడా?"

"మందుల షాపులు లేని ఊరుందా?"

"లేదు. వాటిల్లో వాకబు చేశావా మరి?"

ఇన్‌స్పెక్టరు మొహం జేవురించింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో సన్నటి దగ్గు వినిపించింది. మ్యూజియం డైరెక్టరుగారు. ఇస్త్రీ నలగని చొక్కా, మీద కోటు. ఒక్క వెంట్రుక కూడా పక్కవాడి హద్దు దాటకుండా దువ్విన తల. దేశదేశాల్లో పాత వస్తువుల మీద ఉపన్యాసాలిచ్చే పండితుడు.

"అమ్మాయీ, ధైర్యంగా ఉండు," అన్నాడాయన చెల్లెలితో. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుంది. "కష్టపెడుతున్నాను, ఏమనుకోకండి. మొన్న మీరు ఆయన్ని ఆఖరిసారి చూసింది మధ్యాహ్నం కదూ?"

"మధ్యాహ్నం కాదు. మూసే వేళకి. ఆరు కొట్టబోతోంది."

"ఈ కుర్చీలో కూర్చుని..."

"కుర్చీ కాదు, ముక్కాలిపీట. ఇదిగో, ఇది."

"వెయ్యేళ్ళ నాటి ఆ కుండ..."

"కుండ కాదమ్మా, జాడీ. వెయ్యి కాదు, రెండు వేల పైమాట." ఆయన మొహంలో నొప్పి కనబడింది, ఎవరో కాలి మడమ తొక్కినట్టు. "దాన్నే అతుకుతున్నాడు. ఇక ఇంటికెళ్ళవయ్యా అన్నాను. ఇంకాస్త పనుందన్నాడు. నేను వెళ్ళిపోయాను."

"బొమ్మ ఎలా ఉంటుంది?"

"నేను కళ్ళారా చూడనేలేదు. అందరిలాగే ఫోటోలో చూశాను. నాకు అప్పగించకముందే ఇలా జరిగింది. నన్ను క్షమించాలి, పై అంతస్తులో విదేశాల నుంచి వచ్చిన వాళ్ళున్నారు."

ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా పిన్ని కదల్లేదు. తర్వాత చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"తల్లీ, మీ అన్న జాడీని ఎక్కణ్ణుంచి మొదలుపెడతాడు?"

"అడుగు నుంచి. ఎప్పుడూ అడుగు నుంచే, గోడ కట్టినట్టు."

"ఇది చూడు."

చెల్లెలు తొట్టి మీదికి వంగింది. జాడీ మెడ, అంచు, భుజం అతికి ఉన్నాయి, తలకిందులుగా ఇసుకలో గుచ్చి. అడుగు పెంకులు పక్కన పళ్ళెంలో అలాగే ఉన్నాయి. పిన్ని దూదికి సీసాలోని మందు అద్ది అతుకు మీద రుద్దింది. అన్న వాడే జిగురు ఆ మందు తగిలితే కరిగి వదిలేస్తుంది. అతికింది తప్పయితే విప్పి మళ్ళీ అతకడానికి. ఇది వదల్లేదు. ఇంట్లో తెగిన చెప్పులకు పూసే మొండి జిగురు ఇది.

చెల్లెలికి అర్థమైంది. అన్న పీట మీద ఇంకెవడో కూర్చున్నాడు. అన్న లేచిపోయాక, అన్న పనిముట్లు పట్టుకుని, అన్నలాగా నటిస్తూ పెంకులు అతికాడు. ఆ చేతులు ఎలా ఉంటాయో ఊహించుకోబోయి మానుకుంది.

"ఆరు గంటలదాకా అతికింది మీ అన్న కాదు," అంది పిన్ని. "అయినా చూశానని ఒకాయన అంటున్నాడు."

"డైరెక్టరుగారినా అనుమానించేది?" ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "ఒకరోజు బుద్ధి పుట్టి పైనుంచి మొదలుపెట్టాడేమో!"

"పైకప్పు నుంచి ఇల్లు కట్టినవాణ్ణి చూశావా ఎప్పుడైనా?"

"చాల్చాల్లెండి. సాయంత్రానికి ఈ అమ్మాయి ఇల్లు సోదా చేయిస్తాను. అన్న తవ్వుతాడు, చెల్లెలు ఆన్‌లైన్‌లో బేరం పెడుతుంది. తోడుదొంగలు కారని ఎవరు చెప్పొచ్చారు?"

"చేయించు. సాయంత్రానికి ఆ కుర్రాడు బతికుంటే ముందు వాడికే క్షమాపణ చెప్పుకో." పిన్ని గొంతు పెంచలేదు.  "అంతదాకా ఆ పీట మీద కూర్చో. ఫోను బల్ల మీద పెట్టు. చేతులు నాకు కనబడాలి."

"నన్నూ అనుమానమేనా?"

"అందరి మీదా అనుమానమే. చివరికి మిగిలినవాడు నా చుట్టం."

ఏమనుకున్నాడో, గొణుక్కుంటూ కూర్చున్నాడు. పాత భయం ఎక్కడికి పోతుంది?

పిన్ని చెల్లెలి ఫోను తీసుకుని 'పాతమట్టి'లో బూడిద రాసినవన్నీ వెనక్కి జరుపుతూ చదివింది. "తల్లీ, ఈ బూడిద ఎప్పుడైనా ఏదైనా ప్రశ్న అడిగాడా?"

చెల్లెలు ఆలోచించింది. "లేదు పిన్నీ. ఎప్పుడూ ఏదో ఒక తప్పు వాగుతూ ఉంటాడు. అందరూ విరుచుకుపడతారు."

"అదీ! బొమ్మ కింద ఏం రాశాడో చూడు. 'ఇది ఏటి ఒండ్రులో దొరికే రకం.' మీ అన్నకు ఒళ్ళు మండింది. 'ఒండ్రు కాదు, ఎర్రమట్టి' అన్నాడు. వీడు మళ్ళీ, 'అయితే పై పొరలోదే, నిన్నమొన్నటిది.' మీ అన్న, 'పై పొర కాదయ్యా, నిలువెత్తు లోతు.' వీడు, 'ఎర్రమట్టి కొండ దగ్గరే కదా ఉండేది.' మీ అన్న..."

"'కొండ కాదు, పాత ఇటుక బట్టీ వెనక,'" చెల్లెలు కళ్ళు మూసుకుని చెప్పింది. "వెంటనే తుడిచేశాడు. నేను చూశాను. అన్నా, చోటు చెప్పేశావేంటి అని నేనే కసిరాను."

"వీడు దొంగ కాదమ్మా, జాలరి. అడిగితే ఎవరూ చెప్పరు. తప్పు చెప్పు, పదిమంది పరిగెత్తుకొచ్చి సరిదిద్దుతారు. మీ గుంపులో అందరికీ ఉన్న జబ్బే అది, మీ అన్నక్కూడా. చోటు తెలిసింది. ఇక అక్కడున్న మిగతా జాడీల మూతలు పగలకుండా విప్పే చేతులు కావాలి. అందుకే మనిషిని ఎత్తుకుపోయారు. అంటే ఆ చేతులతో పని ఇంకా ఉంది. వాడు బతికే ఉన్నాడు."

బతికే ఉన్నాడన్న మాట వినగానే చెల్లెలికి ఏడుపు ఆగలేదు. ఆ మాట వెనకే ఇంకో మాట తరుముకొచ్చింది: పని అయిపోతే?

"ఏడుపు తర్వాత. ఇప్పుడు రాయి," అంది పిన్ని. "వాడి గాలం వాడికే వేద్దాం. బొమ్మ అడుగు భాగం ఫోటో ఎవరైనా చూశారా?"

"లేదు. నేనూ చూడలేదు."

"అయితే రాయి. 'బొమ్మ అడుగు అద్దంలా నున్నగా ఉందని అన్న నాతో అన్నాడు. అంటే అది పాతది కాదు, ఈ మధ్య అచ్చు పోసిన నకిలీ. ఇంత గొడవా ఒక నకిలీ బొమ్మ కోసం.'"

చెల్లెలు హడావిడిగా రాస్తుంటే అక్షరాలు ఒకదాని బదులు ఇంకొకటి పడ్డాయి. తుడిచి మళ్ళీ రాసింది. పంపింది.

గుంపు కందిరీగల తుట్టెలా లేచింది. నకిలీ అని నేను మొదటే అన్నానని ఒకడు. నీ మొహం, నువ్వన్నది వేరే బొమ్మ గురించని ఇంకొకడు. ఒకావిడ అసలు సంబంధం లేకుండా ఏదో కోట ఎవరు కట్టారో చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు తెర మీంచి చూపు తిప్పలేదు. ఇన్‌స్పెక్టరు పీట మీద కదిలితే పీట కిర్రుమంది. ఆ చప్పుడుకే ఆమె ఎగిరిపడింది.

"ఇదేనా మీ పరిశోధన?" అన్నాడతను. "ఊసుపోని వాళ్ళ కబుర్లు చదవడం?"

ఫోను కీచుమంది. బూడిద.

"నున్నగా లేదు. తెలియకపోతే మాట్లాడకూడదు. అడుగున మూడు రంధ్రాలున్నాయి. నకిలీ అనడం అజ్ఞానం." కింద ఫోటో. బొమ్మ పడుకోబెట్టి ఉంది. అడుగున, నిజమే, మూడు చిన్న రంధ్రాలు. పక్కనే పద్ధతిగా, తెలుపు నలుపు గళ్ళ కొలబద్ద. దొంగతనంలో కూడా గుంపు కట్టుబాటు తప్పలేదు మహానుభావుడు.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ ఖాళీగా మోకాళ్ళ మీదే ఉన్నాయి. అతని నవ్వు ఎటో పోయింది. లేచి వచ్చి ఫోన్లోకి తొంగిచూశాడు.

"బొమ్మ చేతిలో లేనివాడు ఈ ఫోటో తీయలేడు," అంది పిన్ని. "తల్లీ, బొమ్మని చూడకు. బొమ్మ కింద ఉన్నదాన్ని చూడు. ఏమిటది, మెరుస్తోంది?"

చెల్లెలు ఫోటోని పెద్దది చేసింది. నేల. వెండిలా మెరిసే రేకు, ముడతలు ముడతలుగా.  "పొగ గది. చెక్క బొమ్మలకు పురుగు పడితే లోపల పెట్టి విషపు గాలి వదులుతారు. గాలి బయటికి పోకుండా గోడలకీ నేలకీ ఈ రేకు అంటించారని అన్న ఒకసారి చూపించాడు. పిన్నీ, అది ఇక్కడే. ఈ వరండా చివరే!"

ఆమె చూస్తుండగానే తెర మీద ఫోటో మాయమైంది. దాని చోట ఒక్క ముక్క వచ్చింది: "తప్పు చెప్పి అడిగావు. మంచి ప్రశ్నే."

"తెలిసిపోయింది వాడికి," అంది పిన్ని. "పరిగెత్తండి!"

వరండా పొడుగునా దీపాలు సగమే వెలుగుతున్నాయి. మలుపు తిరగగానే ఎదురుగా ఇనప తలుపు, దాని నెత్తిన బల్బు. చెల్లెలి కళ్ళముందే ఆ బల్బు ఎర్రగా వెలిగింది. తలుపు పక్కన గోడకున్న గొట్టంలోంచి పాము బుస కొట్టినట్టు చప్పుడు. గొట్టం మీద చక్రం తిప్పుతూ, ముక్కుకు రుమాలు కట్టుకుని, ఒక్క వెంట్రుకైనా చెదరని తల.

డైరెక్టరుగారు!

ఇన్‌స్పెక్టరు ఒక్క గెంతులో ఆయన్ని గోడకేసి నొక్కాడు. ఆ పరుగు మాత్రం పిన్ని నేర్పిందే. పిన్ని రెండు చేతులా చక్రం వెనక్కి తిప్పింది. బుస ఆగింది. చెల్లెలు తలుపు గడెకు వేలాడింది.

"ఊపిరి బిగబట్టు!" అరిచింది పిన్ని. "లోపల పీల్చావో, నువ్వూ మిగలవు!"

తలుపు తెరుచుకుంది. ఆమె ఊపిరి బిగబట్టి లోపలికి దూకింది. కళ్ళు భగ్గుమన్నాయి. వెండి రేకుల మధ్య, చేతులు కట్టేసి, మనిషి మూటలా పడి ఉన్నాడు. చొక్కా కాలరు దొరికింది. లాగింది. కదల్లేదు. ఛాతీ పగిలిపోతోంది, ఒక్క గుక్క, ఒక్క గుక్క పీలిస్తే చాలనిపిస్తోంది. చిన్నప్పుడు ఏ వస్తువు కోసమూ అన్నతో కొట్లాడనంత పట్టుదలగా ఇంకోసారి లాగింది. గుమ్మం దాటాక పిన్ని చేతులు తగిలాయి. తలుపు దభాలున మూసుకుంది.

"అన్నయ్యా! ఒరేయ్ అన్నయ్యా!"

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఊపిరి ఉంది, గీత గీసినంత సన్నగా. పిన్ని ఆంబులెన్సుకు ఫోను చేసి, అటునుంచి డాక్టరు చెప్పిన మోతాదు చెల్లెలికి వినిపించింది. చెల్లెలు సంచీ నేల మీద బోర్లించి, సూది తీసి, అన్న ఎడమ చేతికి పొడిచింది. కాసేపటికి అతని కనురెప్పలు కదిలాయి.

"నీళ్ళు," అన్నాడు. తర్వాత, "చోటు చెప్పేశానే చెల్లీ. సిగ్గేస్తోంది."

"నోరు మూసుకో," అంది ఆమె, ఏడుస్తూ, నవ్వుతూ.

ఇన్‌స్పెక్టరు డైరెక్టరుగారికి బేడీలు వేసి, కోటు జేబులోంచి కంచు బొమ్మనీ ఫోనునీ బయటికి తీశాడు. "పిన్నిగారూ," అన్నాడు తల దించుకుని, "నేను..."

"తర్వాత. ముందు ఆ కుర్రాడికి చెప్పుకో."

డైరెక్టరుగారు మాత్రం బెదరలేదు. గోడకు ఆనుకుని, కోటు ముడతలు సర్దుకోవాలని చూస్తున్నాడు, బేడీలతోనే. "నకిలీ అన్నారు," అన్నాడు చిరాగ్గా. "ఎలా ఊరుకుంటాను?"

అప్పుడు చెల్లెలి ఫోను కీచుమంది.

బూడిద.

అందరూ డైరెక్టరుగారి చేతుల వైపు చూశారు. చేతులు బేడీల్లో ఉన్నాయి. ఆయన ఫోను ఇన్‌స్పెక్టరు గుప్పిట్లో ఉంది, తెర నల్లగా.

చెల్లెలు పైకి చదివింది. "మూడు కాదు, నాలుగు. నాలుగోది సిగ ముడి కింద. మావాడు ఏ బొమ్మనీ వెనక్కి తిప్పి చూడడు."

పిన్ని బొమ్మను తిప్పింది. జుట్టు ముడి కింద, సూది మొనంత రంధ్రం.

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. ఇందాకటిదాకా నిటారుగా ఉన్న మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఆ పేరు నాది కాదు. నన్నూ వాడుకోమని ఇచ్చాడు. జాడీ అతికిందీ అతనే, నేను కాదు. నన్ను జైలుకి తీసుకెళ్ళండి. ఇప్పుడే. తాళాలున్న చోటికి తీసుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది!"

"ఎవరతను?" పిన్ని ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఎవరో చెప్పు!"

 ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం వరండా ఆ చివరనున్న చీకట్లోకి చూస్తున్నాయి.

ఫోను ఇంకోసారి కీచుమంది. చెల్లెలికి చదవాలని లేదు. చదవకుండా ఉండలేకపోయింది.

"చెల్లెమ్మా, ఆ సూది చేతికి వేశావేం? పొట్టకి వెయ్యాలి. త్వరగా పనిచేస్తుంది."

ఇన్‌స్పెక్టరు తుపాకీ తీశాడు. పిన్ని చెయ్యి చాచి అన్నాచెల్లెళ్ళను తన వెనక్కి లాక్కుంది. ఆవిడ చెయ్యి కూడా చల్లగా ఉంది. వరండా మలుపు అవతల, కనబడని చోట, ఒక తలుపు నెమ్మదిగా, మర్యాదగా మూసుకున్న చప్పుడైంది.

ఇదీ జరిగింది. గుర్తు పెట్టుకోండి, మరిచిపోకండి. రోజంతా ఫోన్లో మొహం పెట్టుకుని పాత రాజుల కోసం కొట్లాడుకునే మీ వాళ్ళుంటారు చూడండి, వాళ్ళని కూర్చోబెట్టి మరీ చెప్పండి. మీ నోట విన్నవాళ్ళని ఇంకో నలుగురికి చెప్పమనండి. చెప్పేటప్పుడు నా మాటల్లో ఎక్కడైనా తప్పు దొర్లిందనిపిస్తే మాత్రం, వెంటనే సరిదిద్దకండి. ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, ఎవరు వింటున్నారో చూసుకోండి.